మైల బట్టలు

మా ఊళ్ళో చావింటికి వెళ్ళొచ్చినవారు తిన్నగా ఇంట్లోకి వచ్చేవారు కాదు. దొడ్డిదారిన నూతి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతో తలారా నీళ్ళు పోసుకున్నాకే గడప దాటేవారు. మెడికల్ కాలేజీలో చేరిన కొత్తలో మా బామ్మను వేళాకోళం చేశాను, కంటికి కనపడని మైల బట్టలకంటుకుని వస్తుందా అని. వస్తుందని ఈ దేశంలో ఒక పసివాడు నాకు నేర్పాడు.

నాలుగేళ్ళవాడు. కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోయిన ముఖం. రక్తహీనతే కదా అని ఐరన్ టానిక్ రాసి పంపాను. మూడు నెలల తరువాత మళ్ళీ తీసుకొచ్చారు, గుణం లేదు. తండ్రి ఏం పని చేస్తాడని అప్పటికి గాని అడగలేదు నేను. రోగిని వృత్తి ఏమిటని అడగమని ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు 1700లోనే రాశాడు. పరీక్షకు చదివాను, పాసయ్యాక మరిచాను.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట పని. ఆ బట్టలతోనే ఇంటికొచ్చి, గుమ్మంలోనే పిల్లవాణ్ణి ఎత్తుకునేవాడట. రక్తపరీక్షలో సీసం బయటపడింది. "వీడికి విషం పెట్టింది నేనేనా?" అన్నాడు. మీకు తెలియదు కదా అన్నాను.

తెలియక చేసినదానికి పాపం లేదంటారు. సరే, మరి తెలిసినవారెవరు? ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో ఎన్నడూ పని చేయని స్త్రీలకు, భర్తల పని బట్టలు దులిపి ఉతికినందుకే మీసోథీలియోమా అనే కాన్సర్ వచ్చిందని లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ 1965లోనే ప్రకటించారు. అమెరికాలో 1978 నాటి ఓషా సీసం నిబంధన ప్రకారం, గాలిలో సీసం ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు మించిన చోట స్నానాల గదులు కట్టించవలసినది యజమానే. బట్టలిచ్చి ఉతికించవలసినదీ అతనే. ఉతికేవారికి ఆ దుమ్ము చేసే హాని కాగితం మీద రాసి మరీ చెప్పాలి.

ఆ చివరి నియమం చదివినప్పుడు మా చాకలామె గుర్తొచ్చింది. మా ఇంటి మైల గుడ్డలన్నీ ఆమే మూటగట్టుకుని రేవుకు తీసుకుపోయేది. మా ఇల్లు శుద్ధి అయ్యేది. ఆ మూటలో ఏ రోగముందో ఆమెకు ఎవరం చెప్పలేదు. ఫ్యాక్టరీవాళ్ళు చేసినదీ అదే, తమ దుమ్మును ఒకరి పెళ్ళాం వాషింగ్ మెషీనులోకి పంపించారు.

మన సంఘంలో కెమికల్ ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. పనివాడు ఎన్నడూ చూడని లెక్కలు మీ బల్లమీద ఉంటాయి. "బోర్డు పెట్టాం, సంతకం తీసుకున్నాం, ఇంకేం చెయ్యాలి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. స్నానానికి పట్టే పావుగంటకు కూలి కట్టిస్తున్నారా అన్నాను. మాట మార్చాడు.

పిల్లవాడి రక్తంలో సీసం మెల్లగా తగ్గుతోంది. తండ్రి పనిచేసే చోట షవర్ లేదు. ఓషాకు రాయమన్నాను, ఉద్యోగం పోతుందని భయం. గరాజులో బట్టలు విప్పి సంచిలో మూటగట్టి, పెరట్లో గొట్టం కింద ఒళ్ళు కడుక్కుని ఇంట్లోకి వెళ్తున్నాడు. మంచు పడడం మొదలైతే ఎలాగని మొన్న నన్నడిగాడు.