ఆల్చిప్పను చంపినదెవరు?



మాగాయ పెట్టే రోజుల్లో మన అమ్మమ్మలు ఆల్చిప్పను రాతిమీద అరగదీసి, కన్నం చేసి, ఆ అంచుతో మామిడికాయల చెక్కు తీసేవారు. ఆ చిప్పలో ఒకప్పుడు ఒక ప్రాణి బ్రతికిందన్న ఆలోచన మనలో ఎంతమందికి వచ్చింది?

2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం 21 జాతుల జీవులు ఇక లేవని ప్రకటించింది. వాటిలో 8 మంచినీటి ఆల్చిప్పలే. అందులో ఒకటైన 'ఫ్లాట్ పిగ్‌టో' టాంబిగ్బీ నదిలో ఉండేది. ఆల్చిప్ప పిల్ల మొదట చేప మొప్పలను పట్టుకొని పెరుగుతుంది. తరువాత నది అడుగుకు జారి, నీటిని వడగడుతూ బ్రతుకుతుంది. పడవల రాకపోకల కోసం ఆ నదికి ఆనకట్టలు, లాకులు కట్టారు. ఆ పని 1984లో పూర్తయింది. పారే నీరు నిలిచిపోయింది, అడుగున ఒండ్రు పేరుకుంది. ఆ ఆల్చిప్ప చివరిసారి కనిపించింది కూడా 1984లోనే. దానిని కాపాడాలని చట్టం క్రింద జాబితాలో చేర్చింది 1987లో!

మరి దానిని చంపినదెవరు? లాకులు కట్టిన ఇంజనీరా? ఆయన దానికి కీడు తలపెట్టలేదు. మన సంగతే చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కనుకనే ఈ కోనసీమ ఇంత పచ్చగా ఉంది. ఆ నీటితో పండిన అన్నం తింటూ ఆనకట్టలను తిట్టడం న్యాయం కాదు.

అయితే తెలియనితనం రెండు రకాలని నీతిశాస్త్రం చెబుతుంది. ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేనిది ఒకటి. అది దోషం కాదు. తెలుసుకోగలిగి కూడా ముఖం త్రిప్పుకోవడం రెండవది. దానికి మనం జవాబు చెప్పుకోవాలి.

"పోతే పోయింది, ఆల్చిప్పే కదా!" అంటారేమో. ఏ ఒక్క ప్రాణీ దేవుని మంచితనాన్ని పూర్తిగా చూపలేదు కనుకనే ఆయన ఇన్ని రకాల ప్రాణులను సృజించాడని అక్వీనా పునీత తోమాసుగారు బోధించారు. అంటే మనకు పనికివచ్చినా రాకపోయినా ప్రతి జాతికీ దానిదైన విలువ ఉంది.

చెరువులోని మురుగునీటిని పంటకాలువలోకి వదిలేటప్పుడు, "దాని వల్ల ఏమవుతుందో నాకేం తెలుసు?" అని ఈనాడు మనం అనగలమా?

ఈ ఆదివారం పూజ అయ్యాక పిల్లలతో కాలువగట్టున కాసేపు ఆగండి. నీళ్ళలో ఆల్చిప్పలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే, ఒకప్పుడు ఉండేవా అని ఊరి పెద్దలను అడగండి. తెలుసుకోవాలన్న కోరికతోనే మన బాధ్యత మొదలవుతుంది.