వినబడనిది లేనట్లేనా?



మన చెవికి ఒక హద్దు ఉన్నది. సెకనుకు సుమారు 20 నుండి 20,000 కంపనాల వరకు గల శబ్దాలనే అది అందుకుంటుంది. వయసు పైబడేకొద్దీ పై హద్దు ఇంకా తగ్గుతుంది. ఆ హద్దు దాటినవి అతిధ్వనులు. సంగీతంలో అవి ఉంటే మనకు తెలుస్తాయా?

1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో 22,050 కంపనాలకు పైవి ఉండవు. "అందుకే పాటలో జీవం పోయింది" అన్నవారున్నారు. 2000లో జపానులో ఓహాషి బృందం బాలి ద్వీపపు గామెలాన్ సంగీతం వినిపించి, అతిధ్వనులు కలిసినప్పుడు శ్రోతల మెదడులో మార్పు కనబడిందని ప్రకటించింది. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే శ్రోతలు తేడా పట్టలేకపోయారు. 2016లో జాషువా రీస్ 18 పరిశోధనలను కలిపి చూడగా, సరైన జవాబులు నూటికి 52 పైచిలుకు. గుడ్డిగా చెప్పినా 50 వస్తాయి! ఆ కొద్ది తేడాకైనా అతిధ్వనులే కారణమని తేలలేదు.

గ్రహించేవాని శక్తిని బట్టే గ్రహింపు ఉంటుందని పునీత తోమాసు అక్వినాసు బోధ. "నాకు వినబడలేదు గనుక లేదు" అనేవాడూ, "నాకు అనిపించింది గనుక ఉన్నది" అనేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ లోకానికి తమనే కొలబద్దగా పెట్టుకున్నారు.

1790 దశకంలో ఇటలీలో స్పల్లన్జాని అనే గురువు గబ్బిలాలను పరీక్షించారు. చూపు లేకున్నా అవి తడబడక ఎగిరాయి. చెవులు మూస్తే గుద్దుకున్నాయి. ఆయనకు ఏ శబ్దమూ వినబడలేదు, కారణమూ అంతుపట్టలేదు. అయినను చూసినదానిని కాదనలేదు. 1938లో హార్వర్డులో గ్రిఫిన్, పియర్స్ యంత్రంతో ఆ అతిధ్వనులను పట్టుకున్నారు.

వినబడని శబ్దాలున్నాయి గనుక దేవుడున్నాడని వాదించకండి. శబ్దాన్ని యంత్రం కొలుస్తుంది. విశ్వాసం అటువంటిది కాదు. ఇక్కడ మనం నేర్వవలసినది న్యాయం.

పాత డబ్బా టీవీలు 15,625 కంపనాల సన్నని కూత పెట్టేవి. పిల్లలకు వినబడేది, పెద్దలలో చాలామందికి వినబడేది కాదు. "ఏదో కూస్తోంది నాన్నా" అన్న బిడ్డను అబద్ధికుడని కసిరితే ఆ బిడ్డకు అన్యాయం చేసినట్లే. "నువ్వు పిలవనే లేదు" అనే తాతయ్య మొండివాడు కాకపోవచ్చు, ఆయన చెవి హద్దు తగ్గి ఉండవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా "నాకు తెలుస్తోంది" అంటే, వెంటనే నమ్మనక్కరలేదు, వెంటనే కొట్టివేయనూ వద్దు. ముందు పరీక్షించండి, తరువాతే తీర్పు చెప్పండి.