గ్యాస్ కొట్టించే ముందు ఇంజన్ వైపు ఒకసారి చూడు నాయనా

ఏసీలో మళ్లీ గ్యాస్ కొట్టించుకొచ్చావట కదా. ఉగాదికి ఒకసారి, రోహిణి కార్తె రాకముందే ఇప్పుడు ఇంకోసారి. ఇంతలోనే ఎందుకు పోయిందని ఎవర్నన్నా అడిగావా? అడగలేదు. అడిగే తీరిక నీకెక్కడిది! షాపతను గ్యాస్ తక్కువుందన్నాడు, నువ్వు కొట్టెయ్యమన్నావు, కాసేపటికి చల్లగాలి వచ్చింది, ఫోన్లో డబ్బులు పంపేసి బయల్దేరావు. నీ మనసుకేం వంక పెట్టను. నాయనమ్మ ఎండకి తట్టుకోలేదనీ, పిల్లలు వెనక సీట్లో ఉడికిపోతున్నారనీ నీ ఆరాటం. కానీ నాయనా, ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు. అది ఖర్చయ్యేది కాదు.

ఒకసారి నింపిన గ్యాసే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కణ్ణించి డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది, కాదనను. రెండు నెలలకే చల్లదనం పోయిందంటే మాత్రం అది అయిపోలేదు, కారిపోయింది. ఆ దారి ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో చూడకుండా ఎన్నిసార్లు నింపినా అన్నిసార్లూ కారిపోతుంది.

ఎందుకు పడిందో చెబుతాను, కాస్త నిలబడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నీ స్టీరింగ్ వణుకుతోందా లేదా? ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువవుతోంది. మొన్న గేటు ముందు రివర్స్ వేసినప్పుడు బానెట్ కింద ధన్‌మన్న చప్పుడు అరుగు మీద కూర్చున్న నాకు వినిపించింది. కాళ్ల కింద ఒకటే అదురని మీ అమ్మ కూడా అంది. నువ్వేమన్నావు? "డీజిల్ బండి, అంతేనమ్మా." అంతే కాదు. కొన్నప్పుడు ఆ బండి అలా లేదు. రోజూ నడిపేవాడికి వణుకు అలవాటైపోతుంది, ఎప్పుడో ఎక్కేవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల మాట అలా తీసిపారెయ్యకు.

ఇంజన్‌ని బండి చట్రానికి నేరుగా బిగించరు. మధ్యలో రబ్బరున్న మౌంటింగులు పెడతారు, చిన్న కార్లలో మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. ఇంజన్ బరువు మొయ్యాలి, దాని అదురు నీదాకా రానివ్వకూడదు, క్లచ్ వదిలినప్పుడు అది ఒరిగిపోకుండా పట్టుకోవాలి. ఇన్ని పనులు ఆ నాలుగు రబ్బరు ముక్కలవి. 1931లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కార్లో ఇంజన్‌ని ఇలా రబ్బరు మీద కూర్చోబెట్టి, 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి గొప్పగా చాటుకున్నారు. ఇప్పుడు ప్రతి కార్లోనూ ఉంది కాబట్టి ఎవరూ దానివంక చూడరు. రబ్బరేమో వేడికి గట్టిపడి పగులుతుంది, ఇనుముకి అతికించిన చోట ఊడుతుంది. లోపల ద్రవం నింపిన రకమైతే ఆ ద్రవం కారిపోయి పైన నల్లటి మరక కడుతుంది.

దానికీ ఏసీకీ ఏం సంబంధమంటావు. చాలా ఉంది. కంప్రెసర్ ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ఇంజన్ ఊగితే అదీ ఊగుతుంది. కండెన్సర్ ముందు జాలీ వెనక, రేడియేటర్‌కి ముందు, బాడీకి బిగించి ఉంటుంది. కూలింగ్ కాయిల్ కూడా బాడీదే. అవి కదలవు. కదిలేదాన్నీ కదలనిదాన్నీ కలిపేవి పైపులు. అందుకే ఆ పైపుల్లో కొంత మేర రబ్బరు హోస్ పెట్టి, కొసలకి అల్యూమినియం గొట్టాలు నొక్కి బిగిస్తారు. ఇంజన్ మామూలుగా ఊగినంతసేపూ ఆ రబ్బరు సర్దుకుంటుంది. మౌంటింగ్ పోయిన ఇంజన్ అంతటితో ఆగదు కదా! గుంజకి కట్టిన పశువు రోజంతా గింజుకుంటే పలుపు నడిమధ్యలో తెగదు, మెడ దగ్గరో గుంజ దగ్గరో ఒరుసుకుని తెగుతుంది. పైపులూ అంతే. రబ్బరుకి గొట్టం నొక్కిన చోట, కంప్రెసర్ మీద కూర్చునే చోట, కండెన్సర్‌లోకి దిగే చోట తెగుతాయి. మాటిమాటికీ వంగితే అల్యూమినియం ఓర్చుకోదు, సన్నటి పగులు తీస్తుంది. లేదా జాయింటులో ఉన్న ఓ-రింగ్ నలిగిపోతుంది. లేదా పైపు ఏ బ్రాకెట్ అంచుకో రోజూ అదే చోట రాసుకుని చిల్లు పడుతుంది. ఆ పైపుని కదలకుండా పట్టుకునే చిన్న క్లిప్పొకటి ఉంటుంది చూడు, దాన్ని ఎప్పుడో ఏదో రిపేరుకి విప్పి మళ్లీ పెట్టకుండా వదిలేసి ఉంటారు. అలా వదిలేసిన బండ్లు ఆటోనగర్‌లో కావలసినన్ని చూశాను.

పోయేది గ్యాస్ ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. కంప్రెసర్‌కి కావలసిన నూనె ఆ గ్యాస్‌తో కలిసి పైపులన్నీ తిరిగి వెనక్కి చేరాలి. గ్యాస్ కారిన చోట నూనె కూడా కారుతుంది. అందుకే లీకున్న జాయింటు మీద దుమ్ము పట్టిన జిడ్డు కనిపిస్తుంది. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్చి కంప్రెసర్‌ని ఆపేస్తుంది, నిజమే. అంతవరకూ తగ్గకుండా, సగం సగంగా ఉన్నన్నాళ్లే ప్రమాదం. అప్పుడు నూనె సరిగా అందక కంప్రెసర్ లోపల లోపలే అరుగుతుంది. చివరికి పట్టేస్తుంది. పట్టేసిన కంప్రెసర్ ఊరికే పోదు, దానిలోంచి రాలిన లోహపు పొడి కండెన్సర్ సన్నటి దారుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఇప్పటి కండెన్సర్లని కడిగి శుభ్రం చెయ్యడం దాదాపు కుదరదు. కంప్రెసర్‌తో పాటు అదీ, డ్రయ్యరూ, ఎక్స్‌పాన్షన్ వాల్వూ మార్చమంటారు. రబ్బరు ముక్కతో పోయేది అక్కడిదాకా వెళుతుంది. పిల్లల ఫీజులు కట్టే జూన్ నెలలో ఆ బిల్లు చేతికొస్తే ఇంట్లో ఎవరి మొహం ఎలా ఉంటుందో నేను వేరే చెప్పాలా?

ఏసీ వేసినప్పుడు వణుకు ఎక్కువవుతోందని కంప్రెసర్‌నే అనుమానించేవాళ్లున్నారు. 1940 మోడల్ ప్యాకార్డ్ కారులో తొలిసారి ఏసీ వచ్చినప్పుడు దాని కంప్రెసర్‌కి క్లచ్ లేదు. చల్లదనం వద్దంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీసుకోవాలి. ఇప్పుడు నీ బండిలో అయస్కాంతపు క్లచ్ ఉంది. అది టక్కున పట్టుకున్నప్పుడల్లా ఇంజన్ మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. మంచి మౌంటింగ్ ఆ కుదుపుని మింగేస్తుంది. పాడైనది మింగలేదు, నీ స్టీరింగ్‌కి పంపిస్తుంది, ఆ పైపులకీ పంపిస్తుంది.

అలాగని వణికిన ప్రతి బండికీ మౌంటింగులే పోయాయని అనను. పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్ బాగా లేకపోయినా వణుకుతుంది. కారిన ప్రతి గ్యాసూ ఇలాగే కారిందనీ అనను. రాయి తగిలి కండెన్సర్‌కి చిల్లు పడొచ్చు, కూలింగ్ కాయిల్ తుప్పు తినొచ్చు. చూడమంటున్నాను, అంతే. బానెట్ ఎత్తించు, హ్యాండ్ బ్రేక్ వేయించు. అనుభవమున్న మెకానిక్ బ్రేకు తొక్కి పట్టుకుని, క్లచ్‌ని కొద్దిగా అందుకునేదాకా వదిలి, ముందుకోసారి వెనక్కోసారి ఇంజన్ ఎంత ఒరుగుతోందో చూపిస్తాడు. కొంచెం ఒరగడం మామూలే. ఎగిరిపడితే మామూలు కాదు. నువ్వు మాత్రం పక్కన నిలబడి చూడు, బండి ముందు నిలబడకు. బెల్టు దగ్గర చేతులు పెట్టకు. మొన్న నీ కండువా ఎలా వేలాడుతోందో చూశాను.

ఇంకోమాట, నీ నడిపే తీరు గురించి. సిగ్నల్ పడగానే క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తావు. స్పీడ్ బ్రేకర్ కనపడినా బ్రేకు మీద కాలు పడదు. నాలుగో గేర్లో మెల్లగా పోతూ ఇంజన్ గునుస్తున్నా గేరు మార్చవు. ఇవన్నీ వెళ్లి ఆ రబ్బర్ల మీదే పడతాయి. పైగా నీళ్ల సర్వీసింగ్‌లో ఇంజన్ మెరిసిపోవాలని డీజిల్ చల్లిస్తావు. రబ్బరుకీ డీజిల్‌కీ పడదు నాయనా, అది ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజన్ ఆయిల్ కారి మౌంటింగ్ మీద పడుతున్నా అంతే. ఆ లీకు ఆపించకుండా కొత్త మౌంటింగ్ వేయిస్తే దానికీ అదే గతి.

ఎండలు మండిపోతున్నాయని రోజూ తిట్టుకుంటావు కదా. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కలో అది దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడంత వేడి పుట్టిస్తుందట. నీ బండిలో పట్టేది కిలోలో సగమో అంతకన్నా తక్కువో. రెండుసార్లు గాలికి వదిలావు.

కాబట్టి ఈసారి వరస మార్చు. ముందు మౌంటింగులన్నీ చూపించు. ఒకటి పోతే దాని బరువు మిగతావాటి మీద పడి ఉంటుంది, అందుకని ఒక్కదానితో సరిపెట్టకు. తరవాత పైపులకి లీకు టెస్టు చేయించు, పగిలింది మార్పించు, ఊడిన క్లిప్పు పెట్టించు. వ్యాక్యూమ్ తీయించి లోపలి తేమ పోయాకే గ్యాస్. అది కూడా తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, ఎక్కువైనా చెరుపే. ఒక పూట పడుతుంది, పట్టనీ. ఆ పూట ఆఫీసుకి బస్సులో వెళ్లు. తీసేసిన పాత మౌంటింగులు అక్కడే వదిలిరాకు, డిక్కీలో వేయించుకుని ఇంటికి తీసుకురా. నిజంగా మార్చారో లేదో తెలుస్తుంది, రబ్బరు ఎక్కడ పగిలిందో మీ అమ్మకి కూడా చూపిద్దువుగాని.