రికార్డు అట్టమీద లేని పేర్లు

"సొమ్మొకడిది, సోకొకడిది" అని మా నానమ్మ తరచూ అంటూ ఉంటుంది. ఏదో నవ్వులాటకు అంటుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఈ సంవత్సరం ఒక పాత గ్రామఫోను రికార్డు విన్నాక ఆ సామెత నన్నే వేలెత్తి చూపిస్తున్నట్టు అనిపించింది. పని చేసినవాడి పేరు చెప్పకపోవడం తప్పా? కూలి ఇచ్చేశాక ఇంకా బాకీ ఏమైనా మిగిలి ఉంటుందా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

మేము ఉండేది కామాఠిపురాలో. మా మామయ్య లామింగ్టన్ రోడ్డులో ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాడు. పోయిన దీపావళి సెలవుల్లో చోర్ బజారు నుంచి ఒక పాత రికార్డు ప్లేయరు, దానితోపాటు పది పన్నెండు రికార్డులు కొని తెచ్చాడు. ప్లేయరును రెండు రోజులు విప్పి, తుడిచి, కొత్త ముల్లు వేశాడు. ఆదివారం పొద్దున మా ఖోలీలో స్టూలు మీద పెట్టి మొదలుపెడితే, నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా బకెట్లు వరండాలో దించి నిలబడ్డారు.

మామయ్య మొదట వేసిన రికార్డు పేరు "రాగా జాజ్ స్టైల్". శంకర్-జైకిషన్ 1968లో చేసిన ఆల్బమ్ అది. అందులో పాటలు లేవు, మాటలు లేవు. పదకొండు రాగాలు తీసుకుని జాజ్ పద్ధతిలో వాయించారు. రయీస్ ఖాన్ సితారు, మనోహరి సింగ్ సాక్సోఫోన్, జాన్ పెరీరా ట్రంపెట్, లెస్లీ గోడిన్హో డ్రమ్స్. తోడి, మాల్కోస్, భైరవి వంటి రాగాలు అందులో ఉన్నాయి. మాల్కోస్ అంటే మన కర్ణాటక సంగీతంలో హిందోళం. సితారు ఒక మాట అన్నట్టు, దానికి సాక్సోఫోన్ జవాబు చెప్పినట్టు, మధ్యలో డ్రమ్స్ "ఊఁ" కొట్టినట్టు ఉంటుంది. మా నానమ్మ కాసేపు విని, "ఇది పంచాయితీ లెక్క ఉన్నది, అందరు మాట్లాడ్తున్నరు గని కొట్లాట లేదు" అన్నది. జాజ్ అంటే ఏమిటో నాకు ఇంతవరకు ఎవ్వరూ అంత బాగా చెప్పలేదు.

శంకర్ హైదరాబాదులో పెరిగినవాడు, తెలుగు తెలిసినవాడు. 1955లో వచ్చిన "శ్రీ 420" సినిమాలో "రమయ్యా వస్తావయ్యా" అనే పాట ఉంది కదా, ఆ హిందీ పాటలో మన తెలుగు మాటలు ఎలా వచ్చాయో అప్పుడు నాకు అర్థమైంది. మా చాల్‌లో ఆ పాట వస్తే ఇప్పటికీ ముసలివాళ్ళు "మన పాట" అంటారు. బొంబాయిలో మన భాష వినిపించిన చోట మనకు ఎంత సంతోషమో!

తరువాత మామయ్య పాత సినిమా పాటల రికార్డులు వేశాడు. వాటిలో వయొలిన్లు ఒక్కసారి లేచి సముద్రంలా మీదికి వస్తాయి. ట్రంపెట్ మెరుపులా ఒక్క క్షణం మెరిసి పోతుంది. నేను అట్ట తిప్పి చూశాను. సినిమా పేరు, గాయకుల పేర్లు, సంగీత దర్శకుల పేర్లు, పాట రాసినవారి పేరు ఉన్నాయి. ట్రంపెట్ ఎవరు వాయించారో లేదు. వయొలిన్లు ఎవరివో లేదు. మామయ్యను అడిగితే, "అవన్నీ ఎక్కడ రాస్తార్రా!" అని నవ్వాడు. కానీ ఆ కట్టలోనే ఒక విదేశీ జాజ్ రికార్డు కూడా ఉంది. దాని అట్టమీద ట్రంపెట్ ఎవరు, పియానో ఎవరు, బాస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు అని అందరి పేర్లూ వరసగా ఉన్నాయి. జాజ్ రికార్డులకు అది మామూలు అలవాటట. అంటే చోటు లేక కాదు, అలవాటు లేక!

ఆ పేరులేని వాద్యకారులు ఎవరో తెలుసుకుందామని అప్పటి నుంచి నేను లైబ్రరీలోనూ, మామయ్య దగ్గరా, దొరికినచోటల్లా వెతికాను. వాళ్ళలో చాలామంది గోవా నుంచి వచ్చినవాళ్ళు. 1961 వరకు గోవా పోర్చుగీసు పాలనలో ఉండేది. అక్కడ చర్చి బడుల్లో పిల్లలకు వయొలిన్ వాయించడం, నొటేషన్ చదవడం నేర్పేవారు. 1935లో లియోన్ అబ్బే అనే నల్లజాతి అమెరికన్ కళాకారుడు తన బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చి జాజ్ వాయించాడు. ఆ గాలి ఇక్కడివాళ్ళకు కూడా తగిలింది. గోవా కుర్రాళ్ళు హోటళ్ళలో బ్యాండ్లు కట్టారు. 1949లో బొంబాయి రాష్ట్రంలో మద్యనిషేధ చట్టం వచ్చాక హోటళ్ళలో ఆ సందడి తగ్గింది. అప్పటికే సినిమా పాటలకు పెద్ద ఆర్కెస్ట్రాలు కావాల్సి వస్తున్నాయి. వాయించేవాళ్ళు అటు నడిచారు.

వాళ్ళు చేసిన పని చిన్నది కాదు. సంగీత దర్శకుడు బాణీ కట్టి హార్మోనియం మీద వినిపిస్తే, అరేంజర్ అనే మనిషి దాన్ని విని, ఏ చోట వయొలిన్లు రావాలి, ఏ చోట ఫ్లూటు ఆగాలి అని ప్రతి వాద్యానికీ విడివిడిగా కాగితం మీద రాసేవాడు. సెబాస్టియన్ డిసౌజా అట్లాంటివాడు. దేశ విభజనకు ముందు లాహోరులో బ్యాండు నడిపి, తరువాత బొంబాయి వచ్చి, శంకర్-జైకిషన్‌కు, ఓ.పి. నయ్యర్‌కు అరేంజర్‌గా పనిచేశాడు. సినిమా మొదట్లో సహాయకులని కొన్నిసార్లు పేరు పడేది. రికార్డు కొన్నవాళ్ళకు మాత్రం ఆయన ఎవరో తెలియదు. ఆ రికార్డింగులు చాలా వరకు తాడ్‌దేవ్, మహాలక్ష్మి స్టూడియోల్లో జరిగేవి. మన తెలుగు చాళ్ళ నుంచి నడిచి వెళ్ళేంత దూరం!

ఇదంతా ఒక రాత్రి మా తాతకు చెప్పాను. తాతది పాలమూరు జిల్లా. పదహారేళ్ళ వయసులో బొంబాయి వచ్చి నలభై ఏళ్ళు సెంట్రింగ్ పని, స్లాబు పని చేశాడు. బస్సులో వెళ్తుంటే అప్పుడప్పుడు కిటికీలోంచి ఒక మేడ చూపించి, "గా నాలుగో అంతస్తు స్లాబు మాది" అంటాడు. ఆ మేడ గేటు దగ్గర నల్లరాయి మీద బిల్డరు పేరు బంగారు అక్షరాలతో ఉంటుంది. నేను చెప్పింది విని తాత, "మాకు కూలి దొరికితె సాలనుకున్నం బిడ్డా. పేరెవడు అడిగిండు? పేరు రాసుకుంటె స్లాబు గట్టిగుంటదా?" అన్నాడు.

తాత మాటకు నాకు వెంటనే జవాబు దొరకలేదు. చాలా రోజులు ఆలోచించాను. తాత మాటలో నిజం ఉంది. బతుకమ్మ పాటలు మొదట ఎవరు కట్టారో మనకు తెలియదు. గుళ్ళలో శిల్పాలు చెక్కిన చాలామంది పేర్లు తెలియవు. ఫలం మీద ఆశ లేకుండా పని చేయమని పెద్దలు కూడా చెప్పారు. అలాంటప్పుడు పేరు కోసం పట్టుబట్టడం అహంకారం కాదా?

కానీ ఒక తేడా ఉందని నాకు తోచింది. పేరు వదులుకోవడం వేరు, పేరు లేకుండా చేయడం వేరు. "నా పేరు వద్దు" అనే హక్కు పని చేసినవాడిది. "నీ పేరు ఎందుకు?" అనే హక్కు దాని లాభం తిన్నవాడికి లేదు. ఉపవాసం ఉండటం గొప్ప విషయమే గానీ, పక్కవాడి కంచం లాగేసి "ఉపవాసం మంచిది" అని చెప్పడం గొప్ప కాదు కదా! పైగా మేడ మీద ఎవరి పేరూ లేకపోతే తాత మాట సరిపోయేది. గుడిలాగా, జానపద పాటలాగా అది అందరిదీ అయ్యేది. ఒక్కరి పేరు మాత్రం ఉండి మిగతావాళ్ళవి లేకపోతే, చూసేవాళ్ళు ఆ ఒక్కరే కట్టారనుకుంటారు. అంటే పేరు చెప్పకపోవడం ఊరికే మౌనం కాదు, కొంచెం అబద్ధం కూడా.

"మరి అందరి పేర్లూ రాస్తే అట్ట చాలుతుందా? చాయ్ తెచ్చినవాడి పేరు కూడా రాయాలా?" అని మా క్లాసులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. హద్దు ఎక్కడ గీయాలో నాకు కచ్చితంగా తెలియదు. కానీ అందరి పేర్లూ రాయలేకపోవడం, ఒక్కరి పేరే రాయడానికి కారణం కాకూడదు. ఏ పని తీసేస్తే ఆ పాట ఆ పాటగా ఉండదో, ఆ పని చేసినవాళ్ళ పేర్లయినా చెప్పాలి.

వినేవాళ్ళకు కూడా ఇందులో బాధ్యత ఉంది. 1949లో "మహల్" సినిమా పాట "ఆయేగా ఆనేవాలా" రికార్డు మీద గాయని పేరు కామిని అని వేశారు. అది సినిమాలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. ఈ గొంతు ఎవరిదని శ్రోతలు రేడియోకు రాసి అడిగాకే ఆమె పేరు బయటికి వచ్చింది. అడిగినవాళ్ళు ఉన్నారు గనుక పేరు దొరికింది. ట్రంపెట్ ఎవరిదని అడిగినవాళ్ళు అంతమంది లేరు.

పేరు ఒక్కటే ఉన్నా చాలదని కూడా ఒక కథ చెబుతుంది. ఆంథోనీ గోన్సాల్వెస్ అనే గోవా వయొలిన్ గురువు దగ్గర ప్యారేలాల్ చిన్నప్పుడు నేర్చుకున్నాడు. తరువాత లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జంట సంగీతం ఇచ్చిన "అమర్ అక్బర్ ఆంథోనీ" సినిమాలో, 1977లో, ఒక పాటలో ఆ గురువు పేరు పెట్టించాడు. దేశమంతా ఆ పేరు పాడింది. అది నిజంగా ఒక మనిషి పేరని, ఆయన 1958లోనే బొంబాయిలో భారతీయ సంగీతంతో పెద్ద ఆర్కెస్ట్రా కచేరీ చేశాడని పాడినవాళ్ళలో ఎందరికి తెలుసు? మాది కూడా అలాంటి కథే. కామాఠిపురా అనే పేరు మన కామాఠీల వల్ల, అంటే ఈ నగరం కట్టడానికి వచ్చిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. పేరు నిలిచింది. కానీ మాది కామాఠిపురా అనగానే బయటివాళ్ళ ముఖం మారిపోతుంది. ఇది ఇళ్ళు కట్టినవాళ్ళ పేరని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పోయిన ఏడాది ఒక అంతర పాఠశాలల పోటీలో మా పాటల బృందానికి మొదటి బహుమతి వచ్చింది. నేను ముందు నిలబడి పాడాను. నా స్నేహితుడు తెర పక్కన కూర్చుని ఢోలక్ వాయించాడు. రెండో చరణంలో నేను తాళం తప్పితే, వాడు ఒక దరువు పొడిగించి నన్ను మళ్ళీ దారిలోకి తెచ్చాడు. అది ఎవరికీ తెలియదు, మా ఇద్దరికే తెలుసు. వేదిక మీద మైకు నా చేతికి ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. నేను టీచర్లకు, అమ్మానాన్నలకు కృతజ్ఞతలు చెప్పి దిగాను. వాడి పేరు చెప్పలేదు. మరిచిపోయానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మరిచిపోలేదు. ఆ చప్పట్లు అన్నీ నాకే కావాలనిపించింది.

ఆ రికార్డు విన్న వారం తరువాత వాడి దగ్గరికి వెళ్ళి ఇది చెప్పాను. వాడు కోప్పడలేదు. "ఇప్పుడు చెప్తే ఎవరు వింటారురా? ఆ రోజు మా అమ్మ కూడా వచ్చింది" అన్నాడు. అంతే అన్నాడు. నేను తల దించుకుని వచ్చేశాను. వాళ్ళమ్మ ఆ రోజు వెనక వరసలో కూర్చుని, కొడుకు పేరు ఎప్పుడు వస్తుందా అని చూసి ఉంటుంది. కొన్ని పేర్లు ఆ సమయానికి చెప్పాలి. తరువాత చెప్పినా ఆ సమయం తిరిగి రాదు.

అయినా ఆలస్యంగా చెప్పడం, అసలు చెప్పకపోవడం కంటే నయం అనుకుంటున్నాను. ఈ పత్రిక వాళ్ళమ్మ చదువుతుంది. అమ్మా, ఆ రోజు బహుమతి తెచ్చిన పాటను పడిపోకుండా పట్టుకున్నది మీ అబ్బాయి ఢోలక్. పేరు ఇక్కడ రాయవద్దని వాడే అన్నాడు, అందుకే రాయలేదు. వచ్చే పోటీలో వేదిక మీదే చెప్పమన్నాడు. చెబుతాను.

మొన్న తాతతో బస్సులో వెళ్తూ ఆ మేడ దగ్గరికి రాగానే, "తాతా, మీతో పాటు ఆ స్లాబు వేసినవాళ్ళు ఎవరెవరు?" అని అడిగాను. తాత నా వైపు వింతగా చూశాడు. తరువాత వేళ్ళు మడుస్తూ ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెట్టాడు. మేము దిగాల్సిన స్టాపు దాటిపోయింది, తాతకు ఇంకా పేర్లు మిగిలే ఉన్నాయి.