అనుమానానికి జవాబు చెప్పకండి

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శుభాలు, శాంతి కురియుగాక!



మన ఇళ్ళలో ఒక బాధ ఉంది. కొందరు దాన్ని భక్తి అనుకుంటారు, కొందరు చాదస్తమంటారు, మరికొందరు గాలి సోకిందంటారు. ఫజర్ అజాన్ వినగానే వుజూకు కూర్చున్న మనిషి తెల్లవారినా లేవడు. మోచేయి తడిసిందో లేదోనని మళ్ళీ కడుగుతాడు. మసహ్ మరిచానేమోనని మొదటినుంచి మొదలుపెడతాడు. నమాజులో నిలబడితే నియ్యత్ సరిగా లేదని తక్బీర్ మళ్ళీ మళ్ళీ చెబుతాడు. చేతులు పగిలిపోతాయి, నమాజు వేళ దాటిపోతుంది. ఇంకొందరికి అల్లాహ్‌ను గురించి నోట పలకలేని ఆలోచనలు వస్తాయి. తమ ఈమాన్ పోయిందని లోలోపల కుమిలిపోతారు, ఎవరికీ చెప్పుకోరు.

దీన్నే మన పెద్దలు వస్‌వసా అన్నారు. అప్పుడప్పుడూ కలిగే సందేహం అందరికీ ఉండేదే. కాని అది రోజూ గంటల కాలాన్ని మింగేస్తూ, వద్దనుకున్నా వదలకుండా, చదువునూ సంసారాన్నీ పాడుచేస్తుంటే అది వ్యాధి. వైద్యులు దాన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ అంటారు. ఇది అన్ని మతాలవారికీ వస్తుంది. ఒకరికి తలుపు గడియ గురించి, ఒకరికి మైల గురించి, నమాజు చేసేవారికి నమాజు గురించి వస్తుంది. మనిషికి ఏది ప్రియమో దాన్నే ఈ వ్యాధి పట్టుకుంటుంది.

దైవప్రవక్త (స) ఈ విషయంలో మనకు స్పష్టమైన మార్గం చూపారు. మనసులో వచ్చే ఆలోచనలను పలకడానికే భయపడుతున్నామని సహచరులు మొరపెట్టుకుంటే, ఆ భయమే స్వచ్ఛమైన ఈమాన్‌కు గుర్తు అని ఆయన ఓదార్చారు (ముస్లిం). మాటగానో చేతగానో మారనంత వరకు మనసులో మెదిలే ఊహలను అల్లాహ్ మన్నించాడని శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). నమాజులో వుజూ పోయిందని అనుమానం వస్తే, శబ్దమో వాసనో తెలిసేదాకా నమాజు విడవవద్దని ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). నిశ్చయమైనది సందేహంతో తొలగిపోదన్న ఫిఖహ్ సూత్రానికి ఈ హదీసు ఒక ఆధారం. అందుకే వుజూ పూర్తయ్యాక పుట్టే సందేహానికి విలువ లేదని, సందేహించడమే అలవాటైనవాడు దాన్ని పట్టించుకోనక్కర్లేదని మన ఫుఖహాలు చెప్పారు.

ఆయన (స) ఒక 'ముద్' నీటితో, అంటే సుమారు లీటరు లేదా అంతకంటే తక్కువ నీటితో వుజూ చేసేవారు. మన వెలుగోడు పక్కనున్న తెలుగుగంగ జలాశయం దాదాపు 17 టీఎంసీల నీటిని పట్టుకుంటుంది. ఆ నీళ్ళన్నీ పోసినా అనుమానం కడుక్కుపోదు.

ఎందుకు పోదు? అనుమానం రాగానే గుండెలో భయం పుడుతుంది. మళ్ళీ కడిగితే కాసేపు ఊరట కలుగుతుంది. కడగడం వల్లే గట్టెక్కానని మనసు నేర్చుకుంటుంది. మరునాడు అనుమానం ఇంకా బలంగా వస్తుంది. ప్రతిసారీ మనం ఇచ్చే జవాబే దానికి ఆహారం. ఇబ్ను హజర్ హైతమీ (రహ్మతుల్లాహ్ అలైహ్) వస్‌వసాకు చెప్పిన మందు కూడా ఇదే: దాన్ని పూర్తిగా పట్టించుకోకుండా వదిలేయడం. నేటి వైద్యంలోనూ ముఖ్యమైన పద్ధతి అదే. భయం కలిగించేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, కడగకుండా, తిరిగి చేయకుండా ఓపిక పట్టడం నేర్పిస్తారు. భయం దానంతటదే దిగిపోతుంది.

ఇక్కడ కుటుంబీకులకూ, ఇమామ్ సాహెబులకూ ఒక మనవి. "అమ్మీ, నా వుజూ అయిందా?" అని బిడ్డ పదిసార్లు అడిగితే పదిసార్లు అయిందని చెప్పడం ప్రేమలా కనిపిస్తుంది, కాని అది వ్యాధిని పెంచుతుంది. మసలా ఒక్కసారి చెప్పండి. రెండోసారి అడిగితే, "దీనికి జవాబు నీకు తెలుసు బేటా, ఇది వ్యాధి అడుగుతున్న ప్రశ్న" అని మెల్లగా చెప్పి ఊరుకోండి. తిట్టకండి, ఎగతాళి చేయకండి.

మందు వాడితే తవక్కుల్ లేనట్టేనా అని కొందరు అడుగుతారు. చికిత్స చేయించుకోమని, అల్లాహ్ ప్రతి రోగంతోపాటు దాని మందునూ దించాడని, వార్ధక్యం ఒక్కటే దీనికి మినహాయింపని దైవప్రవక్త (స) చెప్పారు (అబూదావూద్, తిర్మిజీ). క్రీ.శ. 934లో మరణించిన బల్ఖ్ పండితుడు అబూజైద్ బల్ఖీ, దేహారోగ్యంతోపాటు మనసు ఆరోగ్యం గురించీ రాసిన గ్రంథంలో వస్‌వసాను మనోవ్యాధులలో ఒకటిగా వివరించారు. మనసు రోగానికి వైద్యం వెతకడం మన పెద్దల బాటే.

దుఆ చేయండి, అల్లాహ్ శరణు వేడండి. కాని తావీజుల కోసం ఊళ్ళు తిరుగుతూ సంవత్సరాలు పోగొట్టుకోవద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2023లో వైద్య కళాశాల మొదలైన నంద్యాలలోనూ ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించవచ్చు. ప్రయాణం కుదరనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు మందు రాస్తే గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. వారంలో తగ్గలేదని మానేయకండి. తగ్గిందని కూడా సొంతంగా ఆపకండి. రమజాన్‌కు ముందే డాక్టరును అడిగి మందు వేళలు మార్చుకోండి.

సోదరులారా! ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడు (అల్ బఖరా: 286). ఒక్కసారి చేసిన వుజూతో, మనసు ఇంకా వణుకుతుండగానే నమాజుకు నిలబడే రోగి తన ధర్మంలో ఏ లోపమూ చేయడం లేదు. అతడు ప్రవక్త (స) ఆదేశాన్ని పాటిస్తున్నాడు.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! వారి కుటుంబాలకు ఓర్పును, వివేకాన్ని ఇచ్చుగాక! ఆమీన్.