పొగ ఎవరి పెరట్లో?

చీరల కొట్లో నాలుగు చీరలు ఎక్కువ విప్పించానంటే మావారు గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకుంటారు. అదే మనిషి 2024లో కారు కొనాలనుకుని ఆర్నెల్లపాటు రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీసుకున్నారు. దాన్ని బేరం అనకూడదట, "స్టడీ" అనాలట!

కొనేది కరెంటు కారేనని ముందే తీర్మానమైపోయింది. వెనకాల డిక్కీ పొడుచుకురాని కారు ఆయన దృష్టిలో కారే కాదు. అలాంటి సెడాన్లలో మా తాహతుకి కాస్త దగ్గరగా వచ్చింది టాటా టిగోర్ ఒక్కటే. అప్పట్లో ధర 12 లక్షల 49 వేల దగ్గర మొదలు. పక్క గడిలో బీవైడీ సీల్ రాశారు. అది 41 లక్షలు!

"కొంటామా ఏమిటి, పోల్చుకోడానికి ఖర్చేముంది?" అన్నారు.

ఖర్చు లేకపోలేదు సుమండీ. ఆ 41 లక్షల కారు పక్కన చేరిన దగ్గర్నించీ మాకు అందే కారు ఆయన కంటికి చిన్నబోయి కనిపించడం మొదలెట్టింది. దీని బ్యాటరీకి 26 యూనిట్ల కరెంటు పడుతుంది, దానిలో చిన్న రకానికే 61 పైచిలుకు. ఒకసారి చార్జి చేస్తే ఇది 315 కిలోమీటర్లు, అది 510 అని కంపెనీల లెక్క. విజయవాడ నించి హైదరాబాదు సుమారు 275 కదా, ఒక్క బిగిని వెళ్ళిపోవచ్చని సంబరపడ్డారు. ఏసీ వేసుకుని నలుగురం ఎక్కి హైవే మీద వేగంగా పోతే ఏ కరెంటు కారూ పరీక్షలో పోయినంత దూరం పోదని తర్వాత తెలిసింది. సూర్యాపేటలో దిగి మనం టీ తాగి, దానిక్కూడా పట్టించాలన్నమాట. పైగా పెట్రోలు టిగోర్ డిక్కీ 419 లీటర్లయితే, కరెంటుదాంట్లో బ్యాటరీకి చోటివ్వగా మిగిలింది 316. మా ఆవకాయ జాడీల ప్రయాణం సంగతి ఆ గళ్ళలో ఎక్కడా లేదు!

ఆఖరి గడిలో రెండు కార్లకీ "పొగ: సున్న" అని రాసి కింద రెండు గీతలు గీశారు. నా మనసు అక్కడ ఆగిపోయింది.

మా పిన్ని ఉండేది ఒక థర్మల్ స్టేషన్ పక్క ఊళ్ళో. గాలి అటు తిరిగిన రోజున ఆవిడ డాబా మీద వడియాలకి సన్నటి బూడిద అంటుకుంటుంది. మన దేశంలో కరెంటు సగానికి పైగా బొగ్గు మండిస్తేనే వస్తోంది. పగలైతే సూర్యుడి కరెంటు కొంత కలుస్తుంది గాని, మేం కారుకి వైరు తగిలించేది రాత్రి పడుకోబోయే ముందు కదా! మరి ఆ సున్న ఎవరి లెక్క?

మావారు ఊరుకోలేదు. పెట్రోలు ఇంజను తాగినదాంట్లో ముప్పాతిక వంతు దాకా వేడిగా పారబోస్తుందనీ, మోటారుకి ఆ దుబారా లేదనీ, బొగ్గు కరెంటైనా మొత్తంమీద చేటు కొంత తక్కువేననీ వాదించారు. నిజమే. మా వీధి మొగలో కింద కూచుని కూరలమ్మే ఆవిడ ముక్కుకి సరిగ్గా కార్ల పొగగొట్టం ఎత్తు. ఆవిడ మాటా చూడాలి. ఆవిడదీ ఊపిరే, పిన్నిదీ ఊపిరే. ఏది ఏ గడిలో వేసి పోల్చమంటారు?

ఇంత ధర్మం మాట్లాడే నేను ముప్పై ఏళ్ళుగా గ్రైండర్లో పిండి రుబ్బుతున్నాను. ఫ్రిజ్జు ఆగింది లేదు. ఏనాడూ పిన్ని డాబా గుర్తు రాలేదు. ఆమాటకొస్తే మా ప్రహరీ గోడ కట్టింది కూడా బూడిద ఇటుకలతోనే. మరి కారు దగ్గరే ఈ పట్టింపేమిటని నన్ను నేనే నిలదీసుకున్నాను. గ్రైండరు నన్నెప్పుడూ పుణ్యాత్మురాలివనలేదు. ఈ కారు అంటోంది. పన్నెండు లక్షలు పోసి కారుతోపాటు ఆ మాట కూడా కొనుక్కుంటున్నామని నాకు అనుమానం. కారంటే డబ్బిచ్చాం గనక మనదే. ఆ మాట మనదెలా అవుతుంది?

ఎండాకాలంలో వెళ్ళినప్పుడు పిన్నినే అడిగాను. వడియాల మీద పల్చటి గుడ్డ సర్దుతూ అంతా వింది.

"మీరు కారు మానేస్తే ఆ గొట్టం ఆర్పేస్తారుటే?"

"లేదనుకో..."

"అయితే కొనుక్కోండి. పొగ లేదని మాత్రం నా దగ్గర అనకు. ఈసారొచ్చేటప్పుడు పాత వాయిల్ చీర ఒకటి పట్టుకురా, ఈ గుడ్డ చాలడంలేదు."