నాట్యకైంకర్యము – దేహపు కొరత

కడప జిల్లాలో వేంపల్లెకు సమీపంలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొని పారే చోటు ఒకటి ఉన్నది. ఆ చీలికను బట్టియే ఆ క్షేత్రానికి గండి అని పేరు వచ్చినది. అక్కడ వెలసిన శ్రీ వీరాంజనేయస్వామిని సేవించుకొనుటకు శ్రావణమాసపు శనివారాలలో భక్తులు తండోపతండాలుగా వస్తారు. లంకనుండి మరలివస్తూ శ్రీరామచంద్రుడు ఇచ్చట విడిది చేసి, తన బాణపు మొనతో కొండరాతిపై ఆంజనేయుని రూపాన్ని గీసినాడని స్థలపురాణం చెబుతున్నది. అన్ని అవయవాలు పూర్తి అయినవిగాని చిటికెనవేలు ఒకటి మిగిలిపోయినదట. తరువాతి కాలంలో శిల్పులు ఆ వేలిని పూర్తి చేయబోగా రాతినుండి రక్తం స్రవించినదని, అంతట ఉలిని దించి నమస్కరించినారని పెద్దలు చెప్పుకొంటారు.

ఈ కథను మహిమగా తలచి చేతులు జోడించుటతో సరిపెట్టుకొనరాదు. అందులో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది. స్వామి కొరతగా విడిచినదానిని మానవుడు లోపమని తలచి సరిదిద్దబోతే గాయమే మిగిలినది. అసలు హనుమంతుడనే నామమే ఒక గాయాన్ని బట్టి వచ్చినది. బాల్యంలో ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బకు దవుడ విరిగినందుననే ఆయన హనుమంతుడైనాడని శ్రీమద్రామాయణం తెలుపుతున్నది. విరిగిన దవుడ ఆయన వాక్కుకు అడ్డు రాలేదు. తొలి సంభాషణలోనే ఆ వాక్కును మెచ్చుకొన్నవాడు సాక్షాత్తు శ్రీరాముడు.

ఇక నేటి గృహస్థుల ఇండ్లలో తరచుగా వినవచ్చే మాటను తలచుకొనవలెను. బాలిక నాట్యం నేర్చుకొంటానని అడుగుతుంది. "ఇంత లావు పిల్లకు నాట్యమేమిటి?" అని ఒకరు, "రంగు తక్కువ, వేదికమీద ఏమి బాగుంటుంది?" అని మరొకరు అంటారు. నాట్యశాలకు వెళ్ళినా కొన్నిచోట్ల అదే తూనిక. సన్నని పిల్లలు ముందు వరుసలో, తక్కినవారు వెనుక వరుసలో. కొంతకాలానికి ఆ బాలిక గజ్జెలు విప్పి మూలన పెడుతుంది. ఆమె పాదాలలో తాళం తప్పలేదు, కన్నులలో భావం కొరవడలేదు. తన దేహం భగవంతుని ముందు నిలువదగినది కాదనే తలంపు ఒక్కటే ఆమె మనస్సున నాటుకొన్నది. అట్టి తలంపును నాటే అధికారం గురువుకు ఉన్నదా అనునదే ఇచ్చటి ప్రశ్న.

శాస్త్రమే అట్లు చెప్పినదని కొందరు సమాధానమిస్తారు. ఆ మాటను తోసివేయరాదు. నందికేశ్వరుని అభినయదర్పణం నర్తకికి ఉండవలసిన లక్షణాలను పేర్కొని, నాట్యానికి వర్జ్యులైన పదిమందిని కూడ లెక్కించినది. మిక్కిలి స్థూలమైనది, మిక్కిలి కృశించినది, మిక్కిలి పొడవైనది, మిక్కిలి పొట్టిది, గూని గలది మున్నగువారు ఆ పట్టికలో ఉన్నారు. అయితే ఆ గ్రంథం ఈ పట్టికను ఏ సందర్భంలో చెప్పినదో గమనించవలెను. సభాపతి ఎట్టివాడు, సభ ఎట్లుండవలెను అని వర్ణించిన పిమ్మటనే పాత్రలక్షణం చెప్పినది. అది రాజసభకు తగిన ఎంపిక. చూచే ప్రభువు కన్నులకు ఇంపు కావలెననునది అక్కడి కొలత. భగవత్సన్నిధిలో చూచే ప్రభువు వేరు, ఆయన కొలత వేరు.

ఆ కొలత ఎట్టిదో శ్రీమద్భాగవతం దశమస్కంధం చూపుతున్నది. మథురా వీథిలో గూని గల త్రివక్ర చందనపు గిన్నెతో ఎదురైనప్పుడు, శ్రీకృష్ణుడు ఆమెను సుందరినే పిలిచినట్లు పిలిచి చందనం అడిగినాడు. ఆమె సమర్పించినది, స్వామి అలదుకొన్నాడు. ఆ తరువాతనే ఆమె దేహాన్ని నిటారుగా చేసినాడు. ఈ క్రమం మరువరానిది. వంకర తీరిన పిమ్మట సేవను స్వీకరించలేదు. వంకరతో ఉన్న దేహం చేసిన సేవనే ముందుగా స్వీకరించినాడు. పట్టికలో పొట్టివారికి చోటు లేదన్న మాటకు వామనావతారమే సమాధానం. ఆ పొట్టి పాదం వేసిన అడుగులకే ముల్లోకాలు చాలలేదు గదా!

భగవద్రామానుజులు బోధించిన శరీరశరీరి భావం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. చేతనాచేతనమైన సమస్తమూ శ్రీమన్నారాయణునికి శరీరం, ఆయన శరీరి. అట్లయినప్పుడు ఏ బాలిక దేహాన్ని హేళన చేసినా ఆ హేళన ఎవరి శరీరానికి తగులుతుంది? ఈ సిద్ధాంతాన్ని నిత్యం అనుసంధించే వైష్ణవుడు ఆ మాట నోట రాకముందే నాలుకను వెనుకకు తీసికొనవలెను.

ఈ ధర్మాన్ని ఆచరణలో చూపిన తెలుగు నాట్యాచార్యులలో డాక్టరు నటరాజ రామకృష్ణ ముఖ్యులు. 1923లో జన్మించి 2011లో కీర్తిశేషులైన ఆయన, ఇంటివారి అయిష్టాన్ని కూడ సహించి నాట్యాన్నే జీవితంగా వరించి, అవివాహితునిగానే ఉండిపోయినారు. ఆయన ఎదుట నిలిచిన సమస్య సన్నపు, లావులకు సంబంధించినది కాదు. లోకం నిందించిన దేహాలకు సంబంధించినది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఒక దురాచారాన్ని ఆపినది. కాని దానితోపాటు, తరతరాలుగా స్వామి ఎదుట నర్తించిన స్త్రీల విద్యను కూడ లోకం అపవిత్రమని ఎంచినది. వారు తలుపులు మూసికొని వృద్ధులైనారు. రామకృష్ణగారు ఆ తలుపులు తట్టినారు. వారిని విద్యాధికులుగా గౌరవించి, 1970లో హైదరాబాదులో జరిపిన అభినయ సదస్సుకు రప్పించి, వారి నాట్యాన్ని లోకానికి చూపినారు. ఆ సంప్రదాయమే ఆంధ్రనాట్యమని ప్రసిద్ధి కెక్కినది.

ఆ స్త్రీలు నడివయస్సు దాటినవారు, ముడతలు పడినవారు. కూర్చుండియే పదానికి అభినయం పట్టుట వారి సంప్రదాయంలో ఉన్నది. మోకాళ్ళు సహకరించని వయస్సులో కూడ కనుబొమ, అరచేయి, మెడ వంపు భావాన్ని పలికించగలవు. పశ్చిమ గోదావరి ప్రాంతపు బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయంలో సేవచేసిన సరిదె మాణిక్యమ్మగారు వృద్ధాప్యంలో కూడ ఈ విద్యను పంచినారు. యౌవనమే నాట్యమైతే వారివద్ద నేర్చుకొనుటకు ఏమీ మిగిలి ఉండేది కాదు.

అవయవమే పోయినప్పుడు ఏమి గతి అను సందేహానికి తెలుగువారందరికీ తెలిసిన సమాధానం ఒకటి ఉన్నది. బొంబాయికి చెందిన నర్తకి సుధాచంద్రన్ 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో కుడికాలు కోల్పోయినారు. డాక్టరు పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించిన జైపూరు పాదం ఆమెకు ఆధారమైనది. రబ్బరుతో చేసిన ఆ పాదం బూటు లేకయే నేలపై నిలుచుటకు, కూర్చుండుటకు అనువైనది. అందుచేత మన దేశపు నడకకు, నాట్యానికి అది సరిపోయినది. బిడ్డ నడక నేర్చినట్లు ఆమె మరల అడుగులు నేర్చి, 1984లో వేదిక నెక్కినారు. 1985లో వచ్చిన మయూరి చలనచిత్రంలో ఆమెయే తన కథను నటించినారు. తరువాత నాట్యవిద్యాలయాన్ని నెలకొల్పి గురువు కూడ అయినారు.

దేహానికి జరిగే అవమానాన్ని ఎదిరించుట నాట్యవిద్యకు కొత్త కాదు. దానికి కడప సీమయే సాక్షి. సిద్ధవటాన్ని ఏలిన సమ్మెట గురవరాజు పన్నులకై స్త్రీల దేహాలను హింసించుట చూచి సహించలేక, కూచిపూడి భాగవతులు విజయనగరానికి వెళ్ళి వీరనరసింహరాయల ఎదుట ఆ ఘోరాన్ని ప్రదర్శించి చూపినారని, రాయలు ఆ క్రూరుని దండించినాడని మాచుపల్లె కైఫీయతు చెబుతున్నది. 16వ శతాబ్ది ఆరంభకాలపు ఈ వృత్తాంతం కూచిపూడి భాగవతులను గూర్చిన అతిప్రాచీన ప్రస్తావనగా ఎంచబడుతున్నది. స్త్రీ దేహానికి జరిగిన అవమానాన్ని రాజు ఎదుట నిలదీసిన విద్య అది. అట్టి విద్యను నేర్పుతూ ఒక బాలిక దేహాన్ని నలుగురిలో కించపరచిన గురువు, తెలియకయే గురవరాజు పక్షాన నిలిచినట్లగును.

అట్లయిన గురువు ఏమియు దిద్దరాదా? దిద్దవలెను, కఠినంగానే దిద్దవలెను. అర్ధమండలిలో మోకాళ్ళు చాలినంత వంగలేదనుట శిక్షణ. నీ మోకాళ్ళు నాట్యానికి పనికిరావనుట నింద. తాళం తప్పితే నూరుమార్లు చేయించుట వాత్సల్యం. ఎదిగే బిడ్డను అన్నం మాన్పించి సన్నబడమనుట హింస. లేని నైపుణ్యాన్ని ఉన్నదని పొగడుట కూడ శిష్యురాలికి మేలు చేయదు. బరువైన దేహానికి దూకుడు తగ్గించి నిలకడను నేర్పవచ్చును. పొట్టిదానికి చేతుల విస్తారాన్ని నేర్పవచ్చును. కాలు బలహీనమైనదానికి అభినయాన్ని పెంచవచ్చును. ఆహార్యాన్ని బిడ్డ కొలతకు కుట్టించవలెనే గాని, ఆహార్యపు కొలతకు బిడ్డను కుదించరాదు. అడుగు తప్పితే దోషమగును; దేహం దోషం కాదు.

గండి క్షేత్రంలో శనివారం ఉదయం వరుసలో నిలిచినవారిలో కర్రపట్టిన వృద్ధులు ఉంటారు, చంకన బిడ్డనెత్తుకొన్న తల్లులు ఉంటారు, కుంటుతూ మెట్లెక్కేవారు ఉంటారు. ఎవరి దేహాన్నీ తూచి స్వామి దర్శనం ఇవ్వడు. పూర్తికాని వేలితోనే ఆయన వారందరికీ అభయమిస్తున్నాడు. ఆ వేలిని దర్శించి వచ్చిన తల్లిదండ్రులు ఇంటికి చేరిన పిమ్మట, మూలన పడియున్న గజ్జెలను తీసి, దుమ్ము దులిపి, బిడ్డ చేతికి ఇత్తురు గాక!